పాటగాడి సినిమాలో లెక్కలు కూడా చూపించండి

ఊడ్పులు అయిపోయాయి, రెండో కోటా యూరియాకి ఇంకా టైముంది, మధ్యలో నాలుగు రోజులు తెరిపి దొరికింది. అందుకని ఈసారి దోమపోటు గురించి కాకుండా సినిమా గురించి రాస్తున్నాను. "పొలం చేసుకునేవాడికి సినిమా గొడవ దేనికి" అని అడిగేవాళ్ళు ఎలాగూ ఉంటారు. ఘంటసాల మీద సినిమా అంటే అది మా గొడవే. ఆయన పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లి. 1922 డిసెంబరు 4. కొల్లేరు దాటి కైకలూరు మీదుగా పోతే గుడివాడ మాకు పరాయి ఊరేం కాదు. ఇక మా నాన్నగారి తరం సంగతి చెప్పాలంటే, ఆయన పద్యం ఒకటి పాడుకోకుండా రాత్రి కాపలాకి కళ్ళం దగ్గరికి వెళ్ళిన మనిషిని నేను చూళ్ళేదు.

సి.హెచ్. రామారావు గారి దర్శకత్వంలో, గాయకుడు కృష్ణచైతన్య ఘంటసాల వేషం కట్టి ఒక సినిమా తయారు చేశారు. ఇది దాని రివ్యూ కాదు. ఆ సినిమా మంచిచెడ్డలు మీరే చూసి చెప్పుకోండి. అంత పెద్ద నిర్మాణ సంస్థల అండ లేకుండా ఏళ్ళ తరబడి ఆ పనిమీదే కూర్చున్నవాళ్ళని నేను తక్కువ చెయ్యను. నా మాట అన్ని పాటగాళ్ళ సినిమాల గురించీని. ఇవాళ ఒకటి తీశారు, రేపు సుశీలమ్మ మీద తీస్తారు, బాలు గారి మీద తీస్తారు. తీసేవాళ్ళకీ చూసేవాళ్ళకీ ఒక సంగతి చెప్పాలని చాన్నాళ్ళుగా ఉంది. పాటలు మాకు తెలుసండి. పాట కోసం సినిమా అక్కర్లేదు, పాట ఫోన్లోనే ఉంది. మాకు తెలియంది ఆ పాట వెనకాల లెక్క. ఎవరు అన్నం పెట్టారు, ఎవరు డబ్బిచ్చారు, ఎంత వచ్చింది, ఎక్కడ పోయింది. అది చూపించండి.

మనకి పాటగాళ్ళ సినిమాలు కొత్తేం కాదు. నాగయ్య గారు 1946లో త్యాగయ్య తీశారు. అదే కథ బాపు గారు 1981లో సోమయాజులు గారితో తీశారు. 1997లో అన్నమయ్య, 2006లో శ్రీరామదాసు. ఇవన్నీ పాట కట్టి పాడినవాళ్ళ కథలే. అయితే వాటన్నిటికీ అచ్చు ఒకటే. చిన్నప్పుడు అల్లరి, తర్వాత జ్ఞానోదయం, తర్వాత కష్టాలు, ఎవడో ఒక దుర్మార్గుడు, చివరికి దేవుడు కనపడి తనలో కలిపేసుకోవడం. భక్తుల కథకి ఆ అచ్చు సరిపోతుంది. అన్నమయ్య 1503లో పోయారు, ఆయన ఇంటి ఖర్చు ఎంతో అడిగే మనిషి ఇప్పుడు లేడు. కానీ 1974లో పోయిన మనిషిని, మద్రాసులో బస్సెక్కిన మనిషిని, రికార్డింగ్ అయ్యాక చెక్కు కోసం కూర్చున్న మనిషిని ఆ అచ్చులో పోస్తే ఏం మిగులుతుంది? దణ్ణం పెట్టడానికి ఒక బొమ్మ మిగులుతుంది.

ఘంటసాల గారి విషయంలో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎందుకో మీకు తెలుసు. భగవద్గీత. చివరి రోజుల్లో ఒంట్లో బాగోకపోయినా కూర్చుని పాడిన రికార్డు అది. ఆయన పోయాకే బయటికొచ్చింది. మనవాళ్ళు దాన్ని ఏం చేశారు? శవయాత్రకి పెట్టారు. ఏలూరులోగానీ గూడెంలోగానీ వైకుంఠరథం బండి వస్తోందంటే ముందు ఆ గొంతే వినపడుతుంది. పొద్దున్నే ఊళ్ళో మైకులో గీత మోగితే చేలో ఉన్నవాడు నడుం ఎత్తి "ఎవరు పోయారురా?" అని అడుగుతాడు. గీత చెప్పిందేమో లేచి యుద్ధం చెయ్యమని, మనం వాడుకునేదేమో పడుకున్నవాడికి. ఇప్పుడు ఇరవై ఏళ్ళున్న కుర్రోళ్ళలో సగంమందికి ఘంటసాల అంటే చావు దగ్గర వినపడే గొంతు, అంతే. నవ్వించే పాటలు, కవ్వించే పాటలు, తాగినవాడి పాటలు, దొంగ పాటలు, జానపదాలు పాడిన మనిషి ఆయన. అవన్నీ వెనక్కిపోయి ఈ ఒక్కటీ ముందుకొచ్చి కూర్చుంది. సినిమా తీసేవాళ్ళు కూడా ఆఖరి సీనులో గీత పెట్టి, వెనకాల వెలుగు పెట్టి, పూలు చల్లితే, ఆ బండికి ఇంకో హారన్ తగిలించినట్టే.

మరి ఏం చూపించాలి అంటారా. నాకు తెలిసినంతలో చెబుతాను.

తండ్రి సూర్యనారాయణ గారు మృదంగం వాయించేవారు, తరంగాలు పాడేవారు. ఆ పాటలకి ఈ పిల్లాడు చిందులేస్తుంటే బాలభరతుడు అని ముద్దుగా పిలిచేవారట. పదకొండేళ్ళ వయసులో తండ్రి పోయారు. మేనమామ పెంచారు. తండ్రి పోయిన పిల్లాడు మేనమామ ఇంట్లో ఎలా పెరుగుతాడో పల్లెటూళ్ళో పుట్టిన మీకెవరికీ నేను విడమర్చి చెప్పక్కర్లేదు. వాళ్ళు ఎంత మంచివాళ్ళయినా, రెండోసారి పెరుగు అడగాలంటే పిల్లాడు ఒకసారి ఆలోచిస్తాడు. అలాంటి పిల్లాడు సంగీతం నేర్చుకుంటానని వేలి ఉంగరం అమ్ముకుని విజయనగరం పోయాడని చెబుతారు. ఇక్కడ సినిమావాళ్ళు ఏం చేస్తారో చూడండి. రైలు చూపిస్తారు, వర్షం చూపిస్తారు, వెనకాల వీణ మోగుతుంది, తర్వాత సీనులో గురువుగారి కాళ్ళమీద పడతాడు. ఉంగరం ఎవరికి అమ్మాడు, ఎంతకి అమ్మాడు, కొన్నవాడు ఎంత తరుగు తీశాడు అన్నది చూపించరు. అవసరానికి బంగారం పట్టుకెళ్ళి కొట్టు ముందు నిలబడ్డవాళ్ళందరికీ ఆ తరుగు ఏమిటో తెలుసు. ఊడ్పులకి ముందు మా ఆడవాళ్ళ మెళ్ళో వస్తువులు ఎక్కడికి వెళ్తాయో, పంట చేతికొచ్చాక ఎన్ని వెనక్కి వస్తాయో మీకు తెలుసు కదా. ఒక్క నిమిషం సీను. హాల్లో ఉన్న ప్రతి రైతూ ముందుకి వంగి చూస్తాడు.

విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల. 1919లో పెట్టింది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులు. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి గారు ఈయనకి గురువు. చదువు దొరికింది, కానీ తిండి? మధూకరం. ఈ మాట ఇప్పటి పిల్లలకి తెలియదు. జోలె భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి వండిన అన్నం అడుక్కోవడం. ఒక ఇంటి అన్నం మీద ఇంకో ఇంటి అన్నం పడుతుంది, ఒక ఇంటి పప్పులో ఇంకో ఇంటి పులుసు కలుస్తుంది. ఆ కలిసిపోయిన ముద్ద తిని సాధన చేశాడు ఆయన. మనం దీన్ని "ఎంత కష్టపడ్డారో" అని ఒక్క ముక్కలో దాటేస్తాం. నాకైతే ఆ ఊళ్ళో అన్నం పెట్టిన ఇళ్ళు ముఖ్యం. వాళ్ళు పెట్టింది ఎవరికో వాళ్ళకి తెలియదు. రోజూ వచ్చే కుర్రాడు. కొన్ని ఇళ్ళల్లో విసుక్కునే ఉంటారు, కొన్ని ఇళ్ళల్లో ఆలస్యమైతే ఎదురు చూసే ఉంటారు. తెలుగువాళ్ళ సంగీతానికి అసలు పెట్టుబడి అదండి. రాజావారు భవనం కట్టారు నిజమే, అన్నం మాత్రం ఇళ్ళల్లోంచి వచ్చింది.

1942లో క్విట్ ఇండియా ఉద్యమంలోకి దిగి, అలీపురం జైల్లో పద్దెనిమిది నెలలు ఉన్నారు. ఇది సినిమాల్లో బాగానే వస్తుంది, జెండా ఉంటుంది కాబట్టి. బయటికొచ్చాక 1944లో సావిత్రి గారితో పెళ్ళి. సముద్రాల రాఘవాచార్యులు గారు చేయందిస్తే మద్రాసు. అక్కడ ఆయన ఇల్లు చిన్నదని, ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక పానగల్ పార్కులో పడుకున్నారని చెప్పుకుంటారు. మొదట్లో కోరస్. సీతారామ జననంలో గుంపులో ఒకడు. తర్వాత స్వర్గసీమలో భానుమతి గారితో పాట. 1949లో మనదేశంకి సంగీతం. 1951లో పాతాళభైరవి. ఏడేళ్ళలో గుంపులో గొంతు నుంచి ఊరూరా మోగే గొంతు. ఇది తీయడం కష్టం కాదు, ఎవరైనా తీస్తారు. గెలుపు తీయడం తేలికే.

నాకు కావాల్సిన సీను 1953 తర్వాతది. ఆ ఏడాది దేవదాసు వచ్చింది, ఆ పాటలు రేవుల్లో, సంతల్లో, పెళ్ళి పందిళ్ళలో మోగుతున్నాయి. సరిగ్గా ఆ ఏడాదే ఆయన సొంతంగా పరోపకారం అని సినిమా తీశారు. 1956లో సొంతవూరు. పేర్లు చూడండి ఒకసారి. డబ్బు చేసుకుందామనుకునే నిర్మాత పెట్టే పేర్లేనా అవి! చేతికొచ్చింది లేదు, పెట్టింది పోయింది. మా కొల్లేటి పక్క ఈ కథ ప్రతి ఊళ్ళోనూ ఉంది. బాగా పండే వరిచేను ఉంటుంది, కొలిచిన ధాన్యం కొలిచినట్టు ఇంటికొస్తుంది. కానీ పక్కవాడు చెరువు తవ్వాడు, బొచ్చె పిల్ల, శీలావతి పిల్ల వేశాడు, కారు కొన్నాడు. ఇంకెన్నాళ్ళు బస్తాలు లెక్కపెట్టుకుంటామని మనవాడూ తవ్విస్తాడు. మేత ధర పెరుగుతుంది, చేప ధర పడుతుంది, ఒక రాత్రి మబ్బు పట్టి ఆక్సిజన్ పడిపోతుంది. తెల్లారేసరికి తెల్లగా తేలతాయి. మళ్ళీ వరి చేద్దామంటే నేల చౌడెక్కి కూర్చుంది. ఇది ఆశపోతుతనం అనేవాళ్ళని నేను ఒప్పుకోను. కూలికి పనిచేసేవాడికి ఎప్పుడో ఒకప్పుడు సొంతం అనిపించుకోవాలని ఉంటుంది. అందరి సినిమాలకీ గొంతిచ్చిన మనిషికి సొంత సినిమా అనే కోరిక ఎందుకు పుట్టకూడదు? ఆ కోరిక, ఆ నష్టం, తర్వాత మళ్ళీ పొద్దున్నే వేరేవాళ్ళ సినిమాకి పాడటానికి వెళ్ళడం. 1957లో మాయాబజార్‌కి సంగీతం ఇచ్చింది ఈ దెబ్బలు తిన్న మనిషే. సాలూరి రాజేశ్వరరావు గారు కొన్ని బాణీలు కట్టి తప్పుకుంటే మిగతా బరువు ఎత్తుకుని ఒడ్డుకి చేర్చారు. చేతిలో డబ్బు పోగొట్టుకున్నవాడు ఆ సరదా పాటలు ఎలా చేశాడు? నాకు ఆ గది చూడాలని ఉంది.

ఇప్పుడు అసలు లెక్క దగ్గరికొద్దాం. పాడినవాడికి పాటలో వాటా ఉందా?

మన వాడుకలో కూలి వేరు, పాలు వేరు. కూలి అంటే సాయంత్రం డబ్బు తీసుకుని ఇంటికెళ్ళిపోవడం. పంట ఎంత పండినా మనకి సంబంధం లేదు, ఎండినా లేదు. పాలు అంటే పండినదాంట్లో భాగం. సినిమా పాట పాడేవాళ్ళకి ఆ రోజుల్లో ఉన్నది కూలి. పాడారు, డబ్బిచ్చారు, అయిపోయింది. ఆ రికార్డు లక్ష మంది కొన్నా రేడియోలో పదివేలసార్లు వేసినా పాడినవాడి చేతికి అందులోంచి వాటా రాదు. 1960ల్లో బొంబాయిలో దీనిమీదే లతా మంగేష్కర్ గారికీ మహమ్మద్ రఫీ గారికీ మాట తేడా వచ్చింది. లత గారు పాలు అడిగారు. రఫీ గారు కూలి పుచ్చుకున్నాం కదా, ఇంక అడగడం ఏంటి అన్నారు. కొన్నేళ్ళపాటు ఇద్దరూ కలిసి పాడలేదు. ఇద్దరిలో ఎవరిది తప్పంటే నేను చెప్పలేను. రఫీ గారిది పెద్ద మనసు, లత గారిది ముందుచూపు. పెద్ద మనసున్న కూలీని చూసి ఆసాములందరూ సంతోషపడతారు, ఆ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

మన దేశపు కాపీరైటు చట్టంలో పాడేవాళ్ళకి హక్కు అనే మాట వచ్చింది 1994లో. రాయల్టీ అడగొచ్చు అని గట్టిగా రాసింది 2012 సవరణలో. మరుసటి ఏడాది గాయకుల హక్కుల సంఘం పెట్టుకున్నారు. ఘంటసాల గారు పోయింది 1974 ఫిబ్రవరి 11. యాభై రెండేళ్ళు కూడా నిండలేదు. చట్టం వచ్చేసరికి కళ్ళం ఎత్తేశారన్నమాట. ఇంకో ముక్క కూడా తెలుసుకోండి, పనికొస్తుంది. రికార్డు మీద హక్కు అది విడుదలయ్యాక 60 ఏళ్ళు. పాట రాసినవాళ్ళు, బాణీ కట్టినవాళ్ళ పనిమీద హక్కు వాళ్ళు పోయాక 60 ఏళ్ళు. అంటే పాటల సినిమా తీసేవాడు ఒక్క పాట వాడుకోవాలన్నా ఎన్ని గుమ్మాలు తొక్కాలో ఆలోచించండి. పాట రాసినాయన వారసులు ఒకచోట, నిర్మాత వారసులు ఒకచోట, రికార్డు కంపెనీ ఒకచోట. సర్వే నంబరు ఒకటే, పాసుబుక్కులు నాలుగు. పాటగాళ్ళ సినిమాల్లో అసలు గొంతు తక్కువగా వినపడటానికి ఇదొక కారణం. కౌలుకి చేసేవాళ్ళకి ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. చేను మీద చెమట వాడిది, కాగితం మీద పేరు ఇంకొకరిది. నష్టపరిహారం వస్తే ఖాతాలో పడేది కాగితంలో పేరున్నవాడికి. కౌలు కార్డులు ఇస్తామన్నారు, చట్టం కూడా చేశారు, కానీ దానికీ భూమి యజమాని సంతకం పెట్టాలి. మా చుట్టుపక్కల అలా సంతకం పెట్టే ఆసామి దొరకడం ఎంత కష్టమో చేసేవాళ్ళనే అడగండి.

ఇంకో చిత్రం చూడండి. నేపథ్య గాయకుడంటే తెర వెనక పాడేవాడు. ఆయన పాడితే రామారావు గారు పెదవులు కదిపారు, నాగేశ్వరరావు గారు పెదవులు కదిపారు. ఇద్దరికీ తేడా చూపించి పాడేవారు. తెర చూడకుండా రేడియోలో వినే మా పెద్దవాళ్ళు "ఇది రామారావుది, ఇది నాగేశ్వర్రావుది" అని ఠక్కున చెప్పేవారు. అలాంటి మనిషి మీద సినిమా తీస్తే ఆయన వేషం కట్టినవాడు పెదవులు కదపాలి, వెనకాల ఇంకో గొంతు రావాలి. నేపథ్య గాయకుడికే నేపథ్య గాయకుడు! అందుకే వేషం ఒక గాయకుడికి ఇచ్చారని విన్నప్పుడు నాకు నచ్చింది. మెడ నరాలు అబద్ధం చెప్పవు. పాడేవాడికి ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలుస్తుంది, నటుడికి ఎక్కడ కనుబొమ్మ ఎగరెయ్యాలో తెలుస్తుంది. 2018లో ఇంగ్లీషువాళ్ళు ఫ్రెడ్డీ మెర్క్యురీ మీద తీసిన సినిమాలో రమీ మాలెక్ అనే నటుడికి ఆస్కార్ వచ్చింది. పాడింది ఎక్కువగా ఆ పోయినాయన గొంతే, మిగతాది ఆయనలాగే పాడే ఇంకొకాయనది. ప్రైజు మాత్రం పెదవులకి ఇచ్చారు. నేను ఎగతాళి చెయ్యట్లేదు, వేషం కూడా ఒక పనే. కానీ లెక్క లెక్కే.

దీనికి ఎదురు 2024లో ఇంతియాజ్ అలీ తీసిన అమర్ సింగ్ చమ్కీలా. మా అబ్బాయి ఫోన్లో పెడితే చూశాను, భాష రాకపోయినా కింద అక్షరాలు చదువుకుంటూ. పంజాబు పల్లెటూళ్ళలో పాడుకుని బతికిన దళితుడు ఆయన. 1988లో భార్యతోపాటు కాల్చి చంపేశారు. ఆ సినిమాలో పాటలు సెట్లో అక్కడికక్కడే పాడించి రికార్డు చేశారు. దిల్జిత్, పరిణీతి ఇద్దరూ పాడేవాళ్ళు కాబట్టి కుదిరింది. ఆ సినిమాలో నాకు నచ్చింది ఇంకోటుంది. ఆయన్ని దేవుణ్ణి చెయ్యలేదు. బూతుపాటలు పాడాడు, అవును. పగలు తిట్టినవాళ్ళే రాత్రి క్యాసెట్ వేసుకున్నారు, అవును. డబ్బు కోసం పాడాడు, అవును. అన్నీ ఒప్పుకుని తీశారు. ఆ పెళ్ళిపందిళ్ళలో డాబాల మీద కూర్చుని వినే జనాన్ని చూపించారు చూడండి, అక్కడ పాటగాడు ఎవరికోసం ఉన్నాడో తెలిసిపోతుంది.

మన సినిమాల్లో వినేవాడు కనపడడు. మద్రాసులో స్టూడియో, మైకు, అద్దం వెనక ఇంజనీరు, పాట అయ్యాక అందరూ లేచి చప్పట్లు. అంతటితో పాట అయిపోయినట్టే. కానీ పాట అక్కడ మొదలవుతుందండి. విజయవాడ రేడియో స్టేషను నుంచి వచ్చిన పాట కొల్లేటి లంకల్లో దోనె మీద ట్రాన్సిస్టరు పెట్టుకున్నవాడి దాకా ఎలా వచ్చిందో ఎవరు చూపిస్తారు? బ్యాటరీ అయిపోతే దాన్ని ఎండలో పెట్టి మళ్ళీ వేసుకునేవారు. ఆకివీడు, కైకలూరు సంతల్లో పాటల పుస్తకాలు అమ్మేవారు, పలచటి కాగితం మీద అచ్చేసినవి. చదువు రానివాడు కూడా కొనేవాడు, చదివినవాడి చేత చదివించుకోవడానికి. ఊరికి ఒక మైకుసెట్టు ఆయన ఉండేవాడు, ఏ ఇంట్లో పెళ్ళికి ఏ ప్లేటు ముందు వెయ్యాలో ఆయనకి తెలుసు. గూడెంలో రేలంగి గారు కట్టించిన హాలు ఉంది కదా. రేలంగి గారికీ ఘంటసాల గారికీ పద్మశ్రీ వచ్చింది ఒకే ఏడాది, 1970. ఒకరి మొహం చూస్తే నవ్వొచ్చేది, ఇంకొకరి మొహం చాలామందికి తెలియనే తెలియదు, గొంతు తెలుసు. గొంతుని మాత్రమే ఎరిగిన జనం ఆ మనిషిని ఎంత సొంతం చేసుకున్నారో చూపిస్తే అదే సినిమా.

అభిమానులకి కూడా ఒక మాట చెప్పాలి, కోపం వచ్చినా సరే. మంచి సినిమా రాకపోవడంలో మన వాటా తక్కువేం కాదు. ఎవరైనా ఒక పెద్దమనిషి నష్టపోయాడనో, కోప్పడ్డాడనో, ఇంట్లో గొడవపడ్డాడనో చూపిస్తే ముందు మనమే లేస్తాం, మా ఆయన్ని అవమానించారని. 2018లో మహానటి జనానికి ఎందుకు పట్టింది? సావిత్రి గారు ఎత్తుకి వెళ్ళినంతసేపు ఎంత ఓపికగా చూపించారో, పడిపోవడం కూడా అంత ఓపికగానూ చూపించారు కాబట్టి. ఆ మరుసటి ఏడాది రామారావు గారి కథ రెండు భాగాలుగా వచ్చింది. ఎంత ఖర్చు, ఎంతమంది నటులు! నిలబడలేదు. ఆయన తప్పులు ఆయనకి ఉంచలేదు, ఒప్పులు మాత్రం రెండు సినిమాలకి సాగదీశారు. బతికున్న కుటుంబసభ్యులని ఇబ్బంది పెట్టే సంగతులు వెతికి తియ్యమని నేను అనట్లేదు. వాళ్ళ ఇంటి గోడ లోపల ఉన్నది వాళ్ళది. నేను అడిగేది పని గురించి, తిండి గురించి, డబ్బు గురించి. వాటిలో సిగ్గుపడాల్సింది ఏముంది?

పనిలో పక్కన ఉన్నవాళ్ళనీ మర్చిపోవద్దు. ఆయనకి చదువు చెప్పిన పట్రాయని వారి అబ్బాయి సంగీతరావు గారు, తర్వాత రోజుల్లో మద్రాసులో ఆయన దగ్గరే ఏళ్ళ తరబడి సహాయకుడిగా హార్మోనియం పట్టుకుని కూర్చున్నారు. నూరేళ్ళు బతికి 2021లో పోయారు. ఆలోచించండి, గురువు పెట్టిన విద్యతో పైకొచ్చినవాడు పాడుతుంటే గురువు కొడుకు పక్కన శ్రుతి పట్టడం. బయటినుంచి చూసేవాడికి తారుమారు అయినట్టు ఉంటుంది. వాళ్ళిద్దరి మధ్య ఏం నడిచేది? ఎవరు ఎవరిని ఏమని పిలిచేవారు? బాణీ కుదరక అర్ధరాత్రి అయితే ముందు ఎవరు "ఇంక రేపు చూద్దాం" అనేవారు? పక్కన పనిచేసే మనిషి లేకుండా పెద్ద పని జరిగినట్టు చూపించడం సినిమావాళ్ళకి అలవాటు. నాగలి పట్టినవాణ్ణి ఫోటో తీస్తారు, ఎద్దుల్ని తోలిన పాలేరు ఫోటోలో పడడు.

చివరిగా తీసేవాళ్ళకి ఒక చిన్న కోరిక, ఖర్చు లేనిది. సినిమా అయ్యాక తెరమీద పేర్లు పైకి పోతుంటాయి కదా, జనం లేచి చెప్పులు వెతుక్కునే టైములో. డ్రైవర్ల పేర్లు, భోజనాలు పెట్టినవాళ్ళ పేర్లు కూడా వేస్తారు, మంచి పనే. అందులో ఒక్క లైను కలపండి. విజయనగరంలో జోలెలో అన్నం వేసిన ఇళ్ళ పేర్లు దొరికితే పేర్లతో, దొరక్కపోతే వీధుల పేర్లతో. ఆ ఊరివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ ఇంట్లో పెద్దవాళ్ళు "ఆ అబ్బాయి మా ఇంటికీ వచ్చేవాడు" అని ఎప్పుడైనా అన్నారేమో గుర్తు చేసుకుని రాయండి, వీధి పేరుతో సహా.

ఉంటానండి. తెల్లవారుజామున మా వంతు నీళ్ళు, మూడింటికల్లా బోదె దగ్గర ఉండాలి.